పన్నెండు సార్లు మోగిన ఫోను

రిటైరైనవాళ్లు రాసుకునే ఉద్యోగ జ్ఞాపకాలు చదివితే నాకు ఒళ్లు మండుతుంది. ప్రతివాడూ తను నెగ్గిన సంగతే రాస్తాడు. పై అధికారిని ఎదిరించిన రోజు, మూలపడిన మెషీనును ఒక్క స్క్రూ తిప్పి నడిపించిన రోజు, ఆఫీసంతా చప్పట్లు కొట్టిన రోజు. వీళ్లందరూ ఇన్ని ఘనకార్యాలు చేసి ఉంటే మన ఆఫీసులు ఇలా ఎందుకున్నాయో నాకు అర్థం కాదు. నేను ముప్పై మూడేళ్లు ఉద్యోగం చేశాను. నెగ్గినవి నాకూ ఒకటో రెండో ఉన్నాయి. వాటిని మా ఇంట్లోవాళ్లకి చెప్పి చెప్పి విసిగించాను కాబట్టి ఇక్కడ వదిలేస్తున్నాను. ఇది చదివే చిన్నవాళ్లలో కొందరైనా ఫోన్లకు ప్రోగ్రాములు రాసే పనిలో ఉంటారు. వాళ్లకోసం రాస్తున్నాను. పేర్లు మాత్రం చెప్పను, నాది కూడా.

తాడేపల్లిగూడెంలో అప్పట్లో మాదొక చిన్న సాంకేతిక కేంద్రం. రైతులకు, చేపల చెరువుల వాళ్లకు పనికివచ్చే పరికరాలు తెప్పించి, వాడి చూసి, ఇది కొనవచ్చు, ఇది వద్దు అని పైకి రాయడం మా పని. ఎలక్ట్రానిక్స్ విభాగానికి నేను పెద్దని. పెద్దని అంటే నా కింద ఒక్కడే ఉండేవాడు, అతనూ కాంట్రాక్టు మీద. రెండువేల తొమ్మిది ప్రాంతం. కొల్లేరు సరస్సు లోపల వేసిన చేపల చెరువుల గట్లు ప్రభుత్వం కొట్టేసి రెండు మూడేళ్లయింది. బయట మిగిలిన చెరువుల వాళ్లు ఒక్కసారి చేపల పట్టుబడి పోయినా కోలుకోలేని స్థితిలో ఉన్నారు.

స్మార్ట్‌ఫోను అనే మాట అప్పుడప్పుడే వినపడుతోంది. దాన్ని నడిపించే సాఫ్ట్‌వేరు రెండు రకాలని మాకు చెప్పారు. ఒకటి కంపెనీ తయారుచేసి, మూత బిగించి ఇచ్చేది. లోపల ఏముందో మనకు తెలియదు, తెలుసుకోకూడదు కూడా. రెండోది ఓపెన్ సోర్స్. రాసినదంతా బయటే ఉంటుంది. ఎవరైనా చదవవచ్చు, ఎవరైనా మార్చుకోవచ్చు. మార్చినవాడి పేరు, తేదీ, కారణం ఒక జాబితాలో పడతాయి, ఆ జాబితాను కూడా ఎవరైనా చూడవచ్చు. ఈ రెండో రకానికి మన వైపు భవిష్యత్తు ఉందా లేదా, పది ఫోన్లతో ఆరు నెలలు పరీక్షించి రిపోర్టు రాయమన్నారు. ఉందని తేలితే మా కాంట్రాక్టు ఇంజనీరుకి పర్మినెంటు పోస్టు. లేదని తేలితే ఆ రిపోర్టుతోనే అతని ఉద్యోగం సరి. ఈ సంగతి అతనికీ తెలుసు, నాకూ తెలుసు.

అతనిది ఏలూరు. తండ్రి వాచీలు బాగుచేసేవారు. పొద్దున పాసింజరులో గూడెం వచ్చి సాయంత్రం పాసింజరులో తిరిగి వెళ్లేవాడు. ముప్పై ఏళ్లుంటాయి, అప్పటికి ఒక పాప. నమాజు వేళకి ఎవరికీ చెప్పకుండా లేచి వెళ్లి, ఎవరూ అడగకముందే వచ్చి కూర్చునేవాడు. మాట మెత్తన, పని గట్టి.

మాకు వచ్చిన ఫోన్లు విదేశంలో ఎవరో ఔత్సాహికులు తయారుచేసినవి. ఇటుకంత బరువు. పూట తిరిగేసరికి చార్జింగు ఖాళీ. మాట్లాడుతుంటే అవతలివాడి చెవిలో తుమ్మెద రొద. తెలుగు మెసేజి వస్తే అక్షరాల బదులు వరసగా ఖాళీ డబ్బాలు కనపడేవి. అతను నాలుగు నెలలు కూర్చుని ఆ డబ్బాలను అక్షరాలు చేశాడు. తెరమీద 'కొల్లేరు' అని మొదటిసారి సరిగ్గా పడిన రోజు ఫోను ఇంటికి పట్టుకెళ్లి తండ్రికి చూపించాడట. ఆయన కంటికి వాచీల అద్దం బిగించుకుని చూసి, లకారం కింద ఒత్తు వెంట్రుకవాసి పక్కకి పోయిందన్నారట. మర్నాడు అది సరిచేసి నా దగ్గరకు వచ్చాడు.

"సార్, కంపెనీ ఫోనైతే ఈ ఒత్తు గురించి ఎవర్ని అడగాలో కూడా మనకి తెలీదండి. ఇది మనమే చేసేసుకున్నామండి," అన్నాడు.

నేను సంతోషించానని రాయాలని ఉంది. నిజానికి కుళ్లుకున్నాను. మార్పుల జాబితా తెరిస్తే పైనుంచి కిందదాకా అతని పేరే. విభాగానికి పెద్దనైన నా పేరు మచ్చుకి ఒక్కచోట లేదు. ఆ జాబితా చూసినప్పుడల్లా లోలోపల గుర్రుగా ఉండేది. అతను మాత్రం ప్రతి మార్పు పక్కనా కారణం రెండు మూడు వాక్యాల్లో పొందికగా రాసి, 'మీరు ఒకసారి చూడండి సార్' అనేవాడు. నేను చూశానని చెప్పేవాణ్ణి.

ఫోన్లు రైతులకు ఇచ్చే ముందురోజు అతను సెలవు పెట్టాడు. తండ్రికి కంటి ఆపరేషను. ఆ సాయంత్రం మా డైరెక్టరుగారు వచ్చి ఒక ఫోను చేతిలోకి తీసుకుని అటూ ఇటూ నొక్కారు. ఆయన చెడ్డవారు కాదు, కంటికి నదురుగా కనపడితే చాలనుకునే మనిషి. తెలుగుకి పైన గుడులు, కింద ఒత్తులు ఉంటాయి కదా, ఇంగ్లీషు పేర్లు ఎనిమిది పట్టే తెరమీద తెలుగు పేర్లు నాలుగే పట్టేవి. పొద్దుటినుంచి పరీక్ష కోసం నేనే ఆ ఫోనుకి కాల్ చేస్తున్నాను కాబట్టి మిస్డ్ కాల్స్ పట్టీ నిండా నా పేరే, నాలుగు వరసలు.

"ఏవండీ, ఒకటే పేరు ఇన్నిసార్లేంటండీ? రేపు ఆఫీసర్లు చూస్తే ఏం బాగుంటుందండీ," అన్నారు.

మా ఇంజనీరుకి ఒక్క ఫోన్ చేసి అడిగితే సరిపోయేది. ఆసుపత్రిలో ఉన్న మనిషిని ఇబ్బంది పెట్టడం ఎందుకని సర్దిచెప్పుకున్నాను. అసలు సంగతి వేరు. ఇన్నాళ్లకి నా చేత్తో ఒక మార్పు పెట్టే అవకాశం వచ్చింది, అది అతను లేనప్పుడు వచ్చింది. ఒకే నంబరు నుంచి ఎన్నిసార్లు వచ్చినా ఒకే వరస కనపడాలి, చివరిసారి వచ్చిన టైము మాత్రం పక్కన ఉండాలి. అలా మార్చాను. ఎన్నిసార్లు వచ్చిందో ఆ సంఖ్య వేయాలని నాకు తోచలేదు. పది ఫోన్లలోనూ ఎక్కించాను. కారణం అన్నచోట 'తెర శుభ్రంగా ఉండుటకు' అని రాశాను. దాని పక్కన నా పేరు పడింది. ఆ పేరు చూసుకుంటూ కాసేపు కూర్చున్నాను.

మర్నాడు ఫోన్లు ఇవ్వడానికి జీపులో కొల్లేటి పక్కనున్న కైకలూరు వెళ్తూ, చిన్న సర్దుబాటు చేశానయ్యా అని అతనికి చెప్పాను. రాత్రంతా తండ్రి మంచం పక్కన మేలుకున్న మనిషి. అలాగేనండి అని కళ్లు మూసుకున్నాడు.

కొల్లేటి చెరువుల దగ్గర ఒక పద్ధతి ఉంది. అది నాకు తెలియదు. నాది ఆఫీసు ఫోను, బిల్లు ఆఫీసే కట్టేది. మిస్డ్ కాల్ ఇవ్వవలసిన అవసరం నాకు జన్మలో రాలేదు. చెరువుగట్టు మీద పాకలో ఉండే కాపలా మనిషి ఫోనులో ఎప్పుడూ బ్యాలెన్సు ఉండదు. తెల్లవారగానే కైకలూరులో ఉన్న రైతుకి మిస్డ్ కాల్ ఇస్తాడు. ఒకటిస్తే, చెరువులో మేత సంచులు కట్టాను, అంతా బాగుందని. రెండిస్తే, తవుడు అయిపోయింది, పంపించమని. మూడిస్తే, చేపలు పైకి తేలి గాలికోసం నోళ్లు తెరుస్తున్నాయి, నీళ్లు చిమ్మే ఇంజను వేసుకుని వెంటనే రమ్మని. ఫోను ఇంట్లో గూట్లో మోగుతుంటుంది, రైతు ఎత్తడు, పనుల మధ్య వచ్చి ఎన్ని వచ్చాయో చూసుకుంటాడు, అంతే. చుట్టుపక్కల చెరువులన్నిటిదీ కొంచెం అటూ ఇటూగా ఇదే భాష.

ఫోన్లిచ్చిన రోజు వాతావరణం సంగతులు, చేపల ధరలు తెలుగులో ఎలా వస్తాయో గంటసేపు చెప్పాం. పది మంది రైతులూ బుద్ధిగా విన్నారు. మీరు రోజూ ఫోను ఎలా వాడతారండీ అని మేం ఒక్క ముక్క అడగలేదు. అడిగితే ఆ పదిమందిలో ఎవరైనా ఒక్క నిమిషంలో చెప్పేవారు.

మూడు వారాలు ఏమీ కాలేదు. చెరువు బాగున్నన్నాళ్లు వచ్చేది ఒక్క మిస్డ్ కాలే, కనపడేదీ ఒక్క వరసే. తవుడు అయిపోయిన రోజుల్లో మాత్రం రైతులు పంపలేదట, సరిగా కబురు చెయ్యలేదని కాపలావాళ్లని కసిరారట. ఆ కసురు మా దాకా రాలేదు.

తర్వాత మూడు రోజులు ముసురు పట్టింది. ఎండ లేకపోతే చెరువు నీళ్లలో ఆక్సిజన్ పడిపోతుంది, తెల్లవారేసరికి మరీ అడుగంటుతుంది. నాలుగో రోజు పొద్దున పది గంటలకి కైకలూరు నుంచి మేం ఫోనిచ్చిన రైతు ఒకాయన ఫోన్ చేశాడు, చేపలు చచ్చిపోయాయని. ఇద్దరం జీపులో బయలుదేరాం. అక్కడికి చేరేసరికి చెరువు ఒక పక్కంతా తెల్లగా ఉంది. శీలావతి, బొచ్చె చేపలు, నాలుగైదు కిలోలకు ఎదిగినవి, పొట్టలు పైకి పెట్టి గట్టుకి కొట్టుకొచ్చాయి. గట్టుమీద ఇరవై మంది దాకా చేరారు.

కాపలా మనిషికి అరవై దాటి ఉంటాయి. పద్నాలుగేళ్లుగా ఆ గట్టుమీదే ఉన్నాడు. ఇంజను వచ్చేలోపు నీళ్లకి కాస్త గాలి తగులుతుందని తెడ్డుతో చెరువును బాదీ బాదీ రెండు చేతులూ బొబ్బలెక్కి ఉన్నాయి. రైతు అతని వంక చూడకుండా ఫోను నాకు చూపించాడు.

"ఒక్కటే ఇచ్చాడండి. ఇదిగో, మీ ఫోనులోనే ఉంది చూడండి. పడుకుని లేచి, ఇప్పుడు మూడంటున్నాడండి."

"మూడిచ్చానండి బాబూ. మూడేసి చొప్పున నాలుగుసార్లు ఇచ్చానండి. తమరు వచ్చేస్తారనే అనుకున్నానండి," అన్నాడు పెద్దాయన.

ఆయన ఫోనులో చూపిద్దామంటే, తెడ్డు వేస్తున్నప్పుడు అది రొంటినుంచి జారి చెరువులో పడిపోయింది. సామాను తీసుకుని పొమ్మని రైతు అప్పటికే చెప్పేశాడు. అక్కడున్నవాళ్లు కూడా ఫోను పక్షమే. మనిషి మరిచిపోతాడు, కునుకు తీస్తాడు, భయపడి అబద్ధమాడతాడు. ఫోనుకి ఆ అవసరం ఏముంది? ఆయన పాక చూరులో దోపిన చొక్కా తీసుకుంటున్నాడు.

నాకు అప్పటికే అర్థమైంది. చెరువు వైపు తిరిగి నిలబడ్డాను.

మా ఇంజనీరు రైతు చేతిలోంచి ఫోను తీసుకుని, గట్టుమీదే బురదలో కూర్చుని, తన లాప్‌టాపుకి తగిలించాడు. తెరమీద కనపడని లెక్కలు లోపల వేరే ఉంటాయి. ఓపెన్ సోర్స్ కాబట్టి అక్కడిదాకా వెళ్లడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఐదు నిమిషాలు పట్టింది. తర్వాత నిలబడి, ఒక్కొక్క కాల్ వచ్చిన టైమూ అందరికీ వినపడేలా చదివాడు. మొత్తం పన్నెండు. మూడు వరసగా, మధ్యలో పదిహేను నిమిషాలు, మళ్లీ మూడు.

"ఈయన నిజమే చెప్పారండి. పన్నెండుసార్లు వచ్చిందండి. మా ఫోనే ఒకటని చూపించిందండి. తప్పు మాదండి," అన్నాడు రైతుతో.

మాది అన్నాడు. జీపులో నేను చెప్పింది నిద్రమత్తులో అతని చెవిన పడలేదు కాబోలు, ఎవరు చేశారో అప్పటికి అతనికి తెలియదు. తను మాత్రం చేయలేదని తెలుసు. ఆ ఒక్క మాటతో తన పోస్టు పోతుందని కూడా తెలుసు. కిమ్మనకుండా ఊరుకుని ఉంటే పెద్దాయన మూట సర్దుకుని వెళ్లిపోయేవాడు, ఫోను నిర్దోషిగా మిగిలేది, ఆరు నెలలకి రిపోర్టు దివ్యంగా వచ్చేది. రైతు చాలాసేపు పెద్దాయన చేతుల వంక చూశాడు. తర్వాత అక్కడే కూలబడ్డాడు.

"అయితే నా చెరువుని మీరు చంపేశారన్నమాటండి," అన్నాడు. అప్పుడు కూడా అండీ మానలేదు.

మూత బిగించిన ఫోనైతే ఆ పన్నెండు కాల్స్ ఎన్నటికీ బయటపడేవి కావు. మమ్మల్ని అడిగిన ప్రశ్నకి జవాబు ఆ గట్టుమీదే దొరికింది. తప్పు జరగని సాఫ్ట్‌వేరు లేదు. తప్పు జరిగినప్పుడు లోపలికి వెళ్లి చూసి, బీదవాడి మాట నిజమని చెప్పగలిగేది ఇదొక్కటే. రిపోర్టులో రాయవలసింది ఇదే. నేను రాయలేదు.

తిరుగు ప్రయాణంలో అతను జీపు వెనక సీట్లో లాప్‌టాపు తెరుచుకుని కూర్చున్నాడు. నేను ముందు సీట్లో రోడ్డు చూస్తూ కూర్చున్నాను. ఏలూరులో దిగిపోతూ, వెళ్లొస్తానండి అన్నాడు. మర్నాటికల్లా సరిచేసిన సాఫ్ట్‌వేరు తయారుగా ఉంది. మిగిలిన తొమ్మిది ఫోన్లకీ తనే వెళ్లి ఎక్కించి వచ్చాడు.

పది రోజులకు మీటింగు పెట్టారు. డైరెక్టరుగారు, పైనుంచి వచ్చిన ఇద్దరు అధికారులు, నేను, అతను. వాళ్లలో పెద్ద అధికారి, ఈ మార్పు చేసింది ఎవరని సూటిగా అడిగారు. డైరెక్టరుగారు టీ కప్పులోకి చూశారు. ఫోన్లిచ్చే ముందురోజు సాయంత్రం తను అన్న మాట ఆయనకు గుర్తుందనే నా అనుమానం. అతను తల దించుకుని కూర్చున్నాడు. నేను గొంతు సవరించుకున్నాను.

"ఓపెన్ సోర్స్‌తో వచ్చే చిక్కే ఇదండి. ఎవరు పడితే వాళ్లు మారుస్తారండి. ఎవరని పట్టుకోగలమండి?"

అతను తలెత్తి నా వంక ఒక్కసారి చూశాడు. అధికారులిద్దరూ తలలూపారు. మార్పుల జాబితా అనేది ఒకటుందని, లాప్‌టాపు ఆ బల్లమీదే ఉందని, రెండు మీటలు నొక్కితే పేరు కనపడుతుందని వాళ్లకు తెలియదు. తెలిసినవాళ్లం ఇద్దరం. ప్రపంచమంతా చూడవచ్చని బయటపెట్టిన జాబితాను ఆ గదిలో ఎవరూ చూడలేదు. రిపోర్టు నన్నే రాయమన్నారు. 'ఎవరైనా మార్చగల వ్యవస్థలో తప్పుకు బాధ్యత వహించేవారు ఉండరు. కనుక స్మార్ట్‌ఫోన్లలో ఓపెన్ సోర్స్ ఆపరేటింగ్ సిస్టములకు మన ప్రాంతంలో భవిష్యత్తు లేదు' అని రాశాను. టైపు చేయించి చదువుకుంటే వాక్యం బాగా కుదిరిందని కూడా అనిపించింది.

ఆ శనివారం సాయంత్రం గూడెం స్టేషన్లో అతను కనపడ్డాడు. నేను భీమడోలులో ఒక పెళ్లికి వెళ్తున్నాను. సంతకం పెట్టని రిపోర్టు నా సంచిలోనే ఉంది. అతనికి రిపోర్టులో ఏముందో టైపిస్టు చెప్పేసినట్టుంది. తండ్రిగారి కన్ను ఎలా ఉందని అడిగాను. బాగా కనపడుతోందన్నాడు. పాసింజరు లేటు. ఇద్దరం ఒక బెంచీ మీద కూర్చున్నాం. అతనే మళ్లీ మాట్లాడాడు.

"సార్, జాబితాలో మీ పేరు ఉందండి. ఆ రోజు జీపులోనే చూశానండి."

ఆలోచించుకుని, మరి మీటింగులో ఎందుకు చెప్పలేదయ్యా అని అడిగాను. ఇంతకన్నా సిగ్గుమాలిన ప్రశ్న నా సర్వీసులో నేను ఎవర్నీ అడగలేదు.

"మీరు చెప్తారనుకున్నానండి," అన్నాడు.

కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే నేనూ ఏదో ఒకటి అని బయటపడేవాణ్ణి. బండి సిగ్నలు పడ్డాక ఇంకొక్క మాటన్నాడు. "పోస్టు సంగతి వదిలేయండి సార్. బాధ్యత వహించేవారు ఉండరన్నారు కదండి, ఆ వాక్యం ఒక్కటి తీసేయండి. అది నిజం కాదు కదండి."

చూద్దాంలే అన్నాను. ఒకే పెట్టెలో ఎక్కాం, వేర్వేరు చోట్ల కూర్చున్నాం.

సోమవారం పొద్దున సంతకం పెట్టాను. ఒక్క అక్షరం తీయలేదు. నెలాఖరుకి అతని కాంట్రాక్టు ముగిసింది. వెళ్లేరోజు పాస్‌వర్డులన్నీ వరసగా రాసిన కాగితం నా బల్లమీద పెట్టి, పైన పేపర్‌వెయిటు పెట్టి వెళ్లాడు. రిపోర్టు క్లుప్తంగా, స్పష్టంగా ఉందని నాకు పైనుంచి మెచ్చుకోలు ఉత్తరం వచ్చింది. అతను ఏలూరులో తండ్రి కొట్లోనే సెల్‌ఫోన్లు బాగుచేస్తూ కూర్చున్నాడని విన్నాను. రెండుసార్లు ఆ వీధి మొదటిదాకా వెళ్లి వెనక్కి తిరిగాను. మూడు నాలుగేళ్లు గడిచేసరికి, నేను భవిష్యత్తు లేదని సంతకం పెట్టిన ఆ ఓపెన్ సోర్స్ పునాది మీద కట్టిన ఫోన్లే కైకలూరు ఐసు కొట్లలో, చింతలపూడి ఆయిల్‌పామ్ తోటల్లో అందరి జేబుల్లోకీ వచ్చాయి. నా జేబులో కూడా అదే ఉంది. నన్ను ఎవరూ ఏమీ అడగలేదు. మన ఆఫీసుల్లో పాత రిపోర్టు తీసి చదివే అలవాటు లేదు, ఆ ధైర్యంతోనే బతికాం.

రిటైరైన రెండో ఏడు ఒక ఇంజనీరింగు కాలేజీ వాళ్లు మాట్లాడమని పిలిచారు. కొల్లేటి రైతుల చేతికి మొదటిసారి ఓపెన్ సోర్స్ ఫోను అందించిన పెద్దలని మైకులో పరిచయం చేశారు. నేను కాదనలేదు. నలభై నిమిషాలు మాట్లాడాను, అవతలివాళ్ల అలవాట్లు తెలుసుకోకుండా ఏదీ తయారుచేయకండని హితబోధ కూడా చేశాను. అయిపోయాక ఒక అమ్మాయి నోటుపుస్తకం పట్టుకుని వచ్చింది.

"సార్, మీ పాత ప్రాజెక్టు ఇంకా నెట్‌లో ఉందండి. తెలుగు అక్షరాలు ఎలా చేశారో నేర్చుకుందామని మొత్తం చదివానండి. వందల మార్పులు ఒక్కరే చేశారండి, ప్రతిదానికీ కారణం రాశారండి. మీ పేరుతో ఒక్కటే ఉందండి. మూడు వారాల తర్వాత ఆయన దాన్ని తీసేశారండి. అక్కడ మాత్రం కారణం ఏమీ రాయలేదండి, ఖాళీగా వదిలేశారండి. ఎందుకండీ?"

అతను అక్కడ ఏం రాసి ఉంటాడో చూడాలన్న ధైర్యం నాకు అన్నేళ్లలో ఒక్కసారీ రాలేదు. ఏమీ రాయలేదని ఆ పిల్ల చెప్తే తెలిసింది. పెన్ను తెరిచి పట్టుకుని నా జవాబుకోసం నిలబడింది.

పాత సంగతమ్మా, గుర్తులేదు అన్నాను.